మందకు పెద్ద

ప్రొద్దుటూరులో పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేసుకునే ఒకాయన, సంక్రాంతి సెలవులు అయిపోకముందే పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకొని గండికోటకు బయల్దేరాడు. పిల్లలు ముగ్గురు. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు, పిల్లోడికి నాలుగు, చంటిదానికి ఏడు నెలలు. కారు డిక్కీలో కొత్త గుడారం ఉంది. దాని సంచి మీద ‘నలుగురికి’ అని రాసుంది. చంటిది లెక్కలోకి రాదులే అనుకొని కొన్నాడు. తప్పు అక్కడే మొదలైంది. కానీ తప్పు మొదలైన చోటే కథ ఆపేస్తే వినేదెవరు?

ఆయన గడియారం చూసి నడిచే మనిషి. నాలుగింటికల్లా జమ్మలమడుగు దాటాలి. అక్కణ్నుంచి పదిహేను కిలోమీటర్లు. అయిదింటికి గుడారం వేయాలి, ఆరింటికి పెన్నా లోయ మీద పొద్దు గూకడం చూడాలి, ఏడింటికి చలిమంట, ఎనిమిదింటికి చుక్కలు, తెల్లారి ఆరున్నరకు సూర్యోదయం. ఇదంతా ఫోన్లో వరసగా రాసుకున్నాడు. చంటిది దారిలో మూడుసార్లు పాలకు ఏడ్చింది, ఒకసారి ఊరికే ఏడ్చింది. ఈ నాలుగూ ఫోన్లో లేవు. జమ్మలమడుగు దాటేసరికి అయిదున్నరైంది.

లోయ అంచుకు కాస్త ఎడంగా, అంచు మాత్రం బాగా కనబడేటట్టు ఒక చదును బండ దొరికింది. ఎర్రటి బండల మధ్య అంత లోతున నీళ్లు మెరుస్తుంటే ఎవరికైనా అక్కడే పడుకోవాలనిపిస్తుంది, ఆయన్ని తప్పు పట్టలేం. మేకు తీసి ఒక్క దెబ్బ వేశాడు. టంగుమంది. ఇంకో దెబ్బకు వంగింది మేకే, బండ కాదు. గండికోట రాయి అల్యూమినియం మేకుకు లొంగుతుందా? చివరికి పెద్దమ్మాయి రాళ్లు ఏరుకొచ్చింది, తాళ్లన్నీ రాళ్లకు కట్టారు. నిలబడింది గుడారం, నారింజ రంగులో, పెళ్లికొడుకులాగా.

అక్కడికి రెండు వందల అడుగుల దూరంలో ఒక గొర్రెలమంద దిగి ఉంది. దిగింది కూడా ఎక్కడ? పడిపోయిన పాత గోడ వెనకాల, కంపచెట్ల నడుమ, చిన్న గుంతలాంటి చోట. లోయ కనపడదు, పొద్దు కనపడదు, పేడ వాసన మాత్రం ఇక్కడిదాకా వస్తోంది. వల చుట్టూ కట్టి గొర్రెల్ని తోలి ఉన్నారు. రెండు గాడిదలు, ఒక కుక్క. వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలను ఒక చిన్నవయసు ఆమె కాలితో ఊపుతూ చేతుల్తో సంగటి కెలుకుతోంది. ‘ఇంత అందమైన లోయ పక్కన పెట్టుకొని ఆ గుంతలో పడుకున్నారేంది, పాపం’ అని ఆయన నిజంగానే జాలిపడ్డాడు.

చీకటి పడే వేళకు భుజాన మడిచిన కంబళితో ముసలాయన ఒకడు కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

“యా ఊరబ్బీ?”

“ప్రొద్దుటూరు, తాతా. ఉండేది బెంగళూరు. మీదో?”

“ఆలూరు పక్క. కేసీ కాలువ కింద వరికోతలు అయినాయి గదా, మైదుకూరు కాడ ఒక రైతు మళ్లలో ఎరువుకు మంద కడతామని మాటిచ్చినాం.” ముసలాయన బండను చూశాడు, గుడారాన్ని చూశాడు, తల్లి ఒళ్లో చంటిదాన్ని చూశాడు. “ఈన్నే పండుకుంటారా?”

“అవును తాతా. పొద్దున కండ్లు తెరిస్తే లోయ కనపడాల.”

“కండ్లు మూసినాంక యాడుంటే ఏముంది. నడిరేత్రి గాలి లేస్తాది. ఆ గోడ ఎనకాలకు రాండి.”

“పర్లేదు తాతా, ఇది గాలికి తట్టుకుంటుంది. కొనేటప్పుడే చెప్పినారు.”

“గుడారం తట్టుకుంటాది లే,” అని ముసలాయన వెళ్లిపోయాడు.

పదకొండింటికి గాలి లేచింది. లోయలోనుంచి పైకి, ఎవరో బుగ్గలు ఉబ్బించి ఊదినట్టు. గుడారం పడిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పటపటా పటపటా కొట్టుకుంది, అంతే. పెద్దవాళ్లకు అది గుడ్డ చప్పుడు. చంటిదానికి మాత్రం ఎవరో తనను కొట్టడానికి వస్తున్నట్టుంది. అయిదు నిమిషాలు కన్ను మూస్తే పావుగంట ఏడుపు. పిల్లోడు మూడుసార్లు ఒంటికి పోవాలన్నాడు, మూడుసార్లూ జిప్పు తీస్తే గాలి లోపలికి జొరబడింది. నలుగురి గుడారంలో అయిదో మనిషికి చోటు లేక పెద్దమ్మాయి అంచుకు ఒదిగింది. బండ చల్లదనం పలచటి చాప దాటి దాని వీపుకు ఎక్కుతోంది. తల్లి మాత్రం పడుకోనే లేదు. గుడ్డగోడ బిడ్డ ముఖానికి తగలకుండా వీపు అడ్డం పెట్టి కూచుంది.

“తెల్లారితే ఎంత బాగుంటుందో చూడు,” అన్నాడాయన.

“తెల్లారడానికి ఇంకా ఆరు గంటలుంది,” అంది ఆమె.

ఒంటిగంట వేళ బయట టార్చి వెలుగు కనబడింది. గొర్రెల మందలోని కోడలు. ఎక్కువ మాటలేం లేవు. “అక్కా, పాపనియ్యి,” అని చేతులు చాచింది. చంటిదాన్ని కొంగులో చుట్టుకొని ముందు నడిచింది, మిగతావాళ్లు దుప్పట్లు పట్టుకొని వెనకాల నడిచారు. గోడ దాటి గుంతలోకి దిగేసరికి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగలేదు, తలల మీదుగా పోతోంది. రెండు వందల గొర్రెల ఊపిరికి ఆ గుంత వెచ్చగా, పొయ్యి ఆర్పిన వంటిల్లులాగా ఉంది. కోడలు ఉయ్యాలలోని తన కొడుకును తీసి పక్కలో వేసుకుంది. ఉయ్యాలలో చంటిదాన్ని పండబెట్టింది. రెండు ఊపులకు నిద్రపోయింది. పిల్లోడు కుక్కను ఆనుకొని పడుకున్నాడు. కుక్క ఒకసారి తలెత్తి చూసి, ఎందుకులే అని సర్దుకుంది.

ఆయనకు నిద్ర పట్టలేదు. నిప్పుల దగ్గర ముసలాయన పక్కన కూచున్నాడు.

“ఎన్నాళ్లయింది తాతా ఇక్కడ దిగి?”

“ఇది నాలుగో రేత్రి.”

“మరి ఆ మైదుకూరు రైతు?”

“ఇంగొకరి మంద మాట్లాడుకునుంటాడు. నా కొడుకు పొయినాడు బతిమాలను.”

“రాత్రికింత అని డబ్బు పోతోంది కదా! ఇంత మందకు పెద్ద ఎవరు, ఆపమని చెప్పిందెవరు? ముందు నడిచే ఆ పొట్టేలా?”

ముసలాయన ఒళ్లో కంబళి మడత విప్పాడు. లోపల గొర్రెపిల్ల ఉంది, బొడ్డు ఇంకా ఎండలేదు. “ఈయప్ప మా పెద్ద. సందేళ పుట్టినాడు. నిన్న ఒకాయప్ప, మొన్న ఇద్దరు. వీళ్లు లేసి నడిస్తే మేం నడుస్తాం.”

ఆయన నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. ముసలాయన పుల్లతో నిప్పులు కెలికాడు.

“నేనుగూడా నీ మాదిరి లెక్కలేసినోణ్నే అబ్బీ. ఒగ సమత్సరం అందరికంటే ముందు పొయ్యి మంచి మళ్లు పట్టుకోవాలని మందను ఉరికిచ్చినా. పదకొండు పిల్లల్ని పోగొట్టుకుంటి. నడ్సలేక కొన్ని, పాలు చాలక కొన్ని. తల్లులు ఎనక్కి తిరిగి అరుస్తాంటే కుక్కతో తోలిచ్చినా. ఆ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉండాది.”

ఆయన జేబులోనుంచి ఫోను తీశాడు. ఇంత గొప్పమాట మరిచిపోకుండా రాసుకుందామని. అప్పుడు చీకట్లోనుంచి కోడలి గొంతు వినబడింది.

“గొర్రెపిల్లకు నాలుగు రేత్రులు నిలబడినావు మామా. నా కొడుక్కి ఒక్క శనివారం నిలబడలేదే?”

ముసలాయన చేతిలో పుల్ల ఆగిపోయింది.

“తొమ్మిదో నెల సూది, బుధవారం శనివారం ఏసేది. వానికి ఇప్పుడు పదకొండో నెల. గుత్తి కాడ శనివారం పోతానంటి, దావ తప్పుతుందంటివి. తాడిపత్రి కాడ అడిగితి, ఎండ పడకముందే నడ్సాలంటివి. మొన్న బుధవారం ఈన్నే ఉంటిమి గదా, ఈనే గొర్రెల కాడ మనిషి చాలదంటివి. నేను ఈనినప్పుడు ఎంతమంది నిలబడిరి మామా? పదకొండోనాడు గంప నెత్తికెత్తుకోలేదా?”

ఎవరూ ఏమీ అనలేదు. నిద్రపోతోందనుకున్న పట్నం తల్లి కూడా కళ్లు తెరిచే ఉంది. ఆమె మొగుడి వైపు చూడలేదు, చూడాల్సిన పని కూడా లేకపోయింది. ఫోను మళ్లీ జేబులోకి పోయింది.

ఆరున్నర దాటాక లోయ మీద సూర్యుడు ఉదయించాడు. దాన్ని ఖాళీ గుడారమే చూసింది. మనుషులు మాత్రం గోడ వెనక ఎండ పడేదాకా నిద్రపోయారు. లేచేసరికి గొర్రెపిల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి తల్లి పొదుగు కుమ్ముతోంది. ఇక మంద కదలొచ్చు. ముసలాయన కర్ర నేలమీద పడుకోబెట్టి దాని పక్కనే కూచున్నాడు. “ఈ పొద్దు శనివారం గదమ్మా, పొయ్యిరాపో,” అన్నాడు కోడలితో.

బియ్యం డబ్బాలో అడుగున ప్లాస్టిక్ కవరులో దాచిన టీకాల కార్డు బయటికొచ్చింది. పట్నం తల్లి కారు తీసింది. వెనక సీట్లో కోడలు, ఆమె ఒళ్లో ఇద్దరు పసివాళ్లు. పట్నపాయన మందలోనే మిగిలాడు. తల్లి ఏదో పిల్ల ఏదో తెలియక ఆ పూటంతా గొర్రెపిల్లల్ని తప్పుడు పొదుగుల దగ్గరికి మోసి తన్నులు తిన్నాడు. పిల్లోడు ఇంట్లో ముట్టని సంగటి ఊరుబిండితో రెండు ముద్దలు లాగించాడు.

మధ్యాహ్నానికి వాళ్లు తిరిగొచ్చారు. ముసలాయన కార్డు చేతికి తీసుకొని తలకిందులుగా పట్టుకొని చూశాడు. ఆనక పెద్దమ్మాయికి ఇచ్చాడు. “మళ్లా ఎప్పుడు రమ్మన్నారు, చదువు తల్లీ.”

“పదహారో నెల దాటినాక అని ఉంది తాతా.”

ముసలాయన వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. “అప్పటికి యాడుంటామో,” అన్నాడు. కోడలు తలెత్తింది. “యాడుంటే ఆడ నిలబడదాం లే,” అన్నాడు.

*

ఇది కథ. మా జేజి కథ చెబితే నీతి చెప్పకుండా పడుకోనిచ్చేది కాదు, మేమేమో నీతి రాకముందే నిద్రపోయేవాళ్లం. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నా. ఈ కథకు నీతి: బిడ్డలున్న మందకు అందరికంటే చిన్నదే పెద్ద. ఆ చిన్నదాన్ని ఎత్తుకున్నవాళ్ల మాట అంతకంటే పెద్దది.

మొదటి సగం అందరూ ఒప్పుకుంటారు. పట్నపాయన కూడా ఒప్పుకునేవాడే, తనది పిల్లల కోసం చేసిన ప్రయాణమే కదా అనేవాడు. అసలు చిక్కంతా రెండో సగంతో. ముసలాయన పదకొండు పిల్లల్ని పోగొట్టుకొని నేర్చుకున్న పాఠం గొర్రెల దగ్గరే ఆగిపోయింది, కోడలి దాకా రాలేదు. నాకు ఆ ముసలాయన మీద కోపం లేదు. మన ఇళ్లల్లో పసిబిడ్డకు దిష్టి తీసే చేతులు ఎన్నో ఉంటాయి, బాలింతరాలు ఆ పూట తిన్నదా అని అడిగే నోరు ఒక్కటుంటే గొప్ప.

గండికోటలో డేరాలు కొత్త కాదు. గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా ఈ కోట పట్టుకున్న తర్వాత, 1652లో, ముత్యాలు అమ్ముకోవడానికి ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆయన్ని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. డేరాలో కూచున్న మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెబుతుంటే చూసి అబ్బురపడి రాసుకున్నాడు. దండు అన్నాక వెనకాల వంటవాళ్లు, బండ్లవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు ఉండే ఉంటారు. చరిత్ర సేనాపతి కాలివేళ్ల దాకా చూసింది, ఉయ్యాల దాకా చూడలేదు.

ఇప్పుడు శని ఆదివారాల్లో ఆ బండల మీద ఎన్ని రంగుల గుడారాలో. బెంగళూరు, హైదరాబాదు, తిరుపతి, అన్ని వైపుల నుంచీ వస్తారు. రావద్దని నేననను. పిల్లలు ఆకాశం కింద పడుకోవాలి. చుక్కలు అన్నేసి ఉంటాయని ఎనిమిదేళ్ల పిల్లకు పుస్తకం చూపించలేదు, కడప జిల్లా చలికాలపు రాత్రి చూపిస్తుంది. మా చిన్నప్పుడు మిద్దెల మీద పడుకున్నవాళ్లం మేము, ఆ రుచి తెలిసినవాణ్ని. కానీ పసిబిడ్డతో వస్తే చోటు ఎంచుకునేటప్పుడు కన్ను ఒకటి అడుగుతుంది, ఒళ్లు ఒకటి అడుగుతుంది. కన్ను లోయ అంచు అడుగుతుంది. ఆ అంచున కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నాలుగేళ్ల పిల్లోడు నిద్రకళ్లతో ఒంటికి లేస్తాడు. ఒళ్లు గాలిచాటు అడుగుతుంది.

వంకలో మెత్తటి ఇసుక కూడా కంటికి నచ్చే చోటే. మనది ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే సీమ, వంక ఏడాదిలో పది నెలలు ఎండిపోయే ఉంటుంది, అందుకే మోసపోతాం. మన నెత్తిన చుక్క పడకపోయినా ఎగువన కొండల్లో కురిస్తే చాలు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు, ఏరంటే ఇసుక అనుకునే రాజంపేట పక్క ఊళ్లు పొద్దు పొడిచే వేళకు నీళ్లలో ఉన్నాయి. ఇళ్లు పోయినవాళ్లు పసిపిల్లల్ని పెట్టుకొని పట్టల కింద కాపురం చేశారు. అది సరదాకు వేసుకున్న గుడారం కాదు.

గుడారాన్ని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. అడుగు కుట్టి ఉన్న గుడారం జిప్పు ఆ కొస నుంచి ఈ కొస దాకా వేస్తే కట్లపాము రాదు. ఆ పాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ల పక్కల్లోకే చేరుతుంది, కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు. ముసలాయన కంబళికి ఆ రక్షణ లేదు. అయితే అదే గుడారం పగలు పది దాటితే పొయ్యి. పసిదాన్ని అందులో నిద్రపుచ్చి ఫోటోలకు పోయేవాళ్లను చూశాను, నోరు ఊరుకోక తిట్లు కూడా తిన్నాను. చలికి బొగ్గుల కుంపటి గుడారంలోకి తెచ్చుకోవడం ఇంకో పిచ్చిపని. ఆ బొగ్గు గాలికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇక ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలమైనా తల్లిపాలే నీళ్లు, వేరే నీళ్లు అక్కర్లేదు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పే మాట. అంటే ఎవరు నీళ్లు తాగాలి? తల్లి. చూశారా, ఎటు తిరిగినా దారి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది.

అసలు మన సీమలో పసిబిడ్డలతో గుడారాల్లో ఎక్కువ రాత్రులు గడిపేది గండికోటకు వచ్చేవాళ్లు కాదు. పడమటి కర్నూలువాళ్లు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని, ఆలూరు పక్క ఊళ్లల్లో పత్తి, చెనక్కాయ పంటలు ముగిసి, నేలలో పని అయిపోతే సుగ్గికి పోతారు. సుగ్గి అంటే ఆ పక్క పెద్ద మాట. పెళ్లిళ్లు సుగ్గికి ముందా తర్వాతా అని చూసుకుంటారు, అప్పులు సుగ్గి నుంచి వచ్చాక తీరుస్తామంటారు. గుంటూరు వైపు మిరపకోతలకు ఇళ్లకు తాళాలేసి సంసారాలకు సంసారాలు బండెక్కుతాయి. ముసలివాళ్లు ఊళ్లో కాపలా, మిగతావాళ్లు చేలల్లో పట్టలు కట్టుకొని రెండు మూడు నెలలు.

బడి ఈడు పిల్లలు వెంటపోకుండా ప్రభుత్వం ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. మంచి ఏర్పాటు. అందులో చేరితే పిల్లల చదువు ఆగకుండా సాగే వీలుంటుంది. కానీ ఎనిమిదేళ్ల పిల్ల హాస్టల్లో ఉంటే ఎనిమిది నెలల తమ్ముణ్ని చేలో ఎవరు ఎత్తుకుంటారు? ఆ ప్రశ్నకు హాస్టల్లో జవాబు లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఈ సంగతి ఆలోచించింది. పని దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలి, ఆమెకూ అందరితోపాటు కూలి ఇవ్వాలి అని రాసింది. రాసిన ప్రతిచోటా జరిగిందని కాదు, రాసినవాళ్లకు ఉయ్యాల కనబడిందని చెబుతున్నా. మిరపచేలో ఆ మాట రాసిన కాగితమే లేదు.

ఒకసారి గుంటూరు వైపు పోతూ రోడ్డు పక్క మిరపచేలో ఆగాను. రెండు వెదురుబొంగుల మీద నీలం పట్ట, అంచులకు మట్టిగడ్డలు. లోపల ఎనిమిదేళ్లుంటాయేమో ఒక పిల్ల, చంకలో తమ్ముడు. మాట వినగానే తెలిసింది, మన పక్కే.

“అమ్మ యాడుంది పాపా?”

“కోతకు.” ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. “పొద్దు గూకినాంక వస్తాది. వచ్చినాంక గూడా వీణ్ని ఎత్తుకోదు.”

“ఎందుకని?”

“చేతులు మండుతాయి గదా. ఆముదం పూసుకొని, సబ్బుతో కడుక్కొని, మళ్లా పూసుకొని, అప్పుడు. ఒకసారి మరిచిపొయ్యి వీని కండ్లు తుడిచింది. రేత్రంతా ఏడ్సినాడు. అమ్మగూడా ఏడ్సింది.” పట్ట మూలకు వేలాడుతున్న ఆముదం సీసా చూపించింది.

పట్టకు బయట, గట్టు మీద తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి ఉంది. చెట్టు నీడ పట్ట మీద పడదు, ఉయ్యాల మీద పడుతుంది. పట్ట కట్టినవాళ్లు ముందు ఉయ్యాలకు చోటు చూసుకొని, మిగిలిన చోట ఇల్లు వేసుకున్నారు. ఆ పిల్ల తమ్ముణ్ని నా చేతికిచ్చింది. ఉయ్యాల ముడిని రెండు చేతులా పట్టుకొని, కాళ్లు పైకి మడిచి, తన బరువంతా వేసి ఒకసారి వేలాడింది. కొమ్మ కిర్రుమంది, ముడి జారలేదు. అప్పుడు కిందికి దిగి, చేతులు గౌనుకు తుడుచుకొని, “ఇంగ ఇయ్యండి,” అంది.